వరండా బల్బు ఎత్తి పట్టుకుంటే వెలుగుతోంది, వదిలితే కొట్టుకుంటోంది: తప్పు బల్బుదా, హోల్డర్‌దా?

పెదజాలారిపేట మేడమీద:

అందరికీ నమస్కారమండి. మేము విశాఖపట్నం పెదజాలారిపేట దగ్గర ఒక పాత డాబా మేడమీద అద్దెకుంటున్నాం. సముద్రానికి రెండు వీధుల దూరం. వరండాలో మెట్లు దిగే చోట గోడకి నల్లటి యాంగిల్ హోల్డర్ ఉంది. అందులో బల్బు అడ్డంగా, కాస్త కిందికి వాలి ఉంటుంది. సంక్రాంతి నుంచి ఇప్పటికి అక్కడ మూడు ఎల్‌ఈడీ బల్బులు మార్చాను. మూడూ 9 వాట్లవే, పక్కన రెండు చెవులుండే మామూలు పిన్ బల్బులే. కొత్తది పెట్టాక వారం పది రోజులు బాగుంటుంది. తర్వాత కొట్టుకోవడం మొదలు. గాలి గట్టిగా వీచిన రాత్రయితే మరీ ఎక్కువ. దగ్గరికెళ్లి చెవి పెడితే సన్నగా చిటచిటమంటోంది కూడా.

నిన్న స్టూలెక్కి చూశాను. బల్బు గుండు పట్టుకుని కొంచెం పైకి ఎత్తితే నిలకడగా వెలిగింది. వదిలితే మళ్లీ అదే. స్విచ్ ఆపి బల్బు విప్పి చూస్తే, అడుగున ఉండే రెండు సీసపు చుక్కల్లో ఒకటి తెల్లగానే ఉంది, రెండోది నల్లగా కాలి గుంట పడింది. అదే బల్బు తీసుకెళ్లి వంటింట్లో పెడితే హాయిగా వెలుగుతోంది!

కొన్న చోట అడిగితే వోల్టేజీ హెచ్చుతగ్గులన్నారు. ఇంటికొచ్చి చూసిన ఎలక్ట్రీషియన్ ఈ పిన్ హోల్డర్లే పాతకాలం రకం, స్క్రూ హోల్డర్ వేసేద్దామన్నాడు. మా అమ్మకి 68 ఏళ్లు. రాత్రి మెట్లు దిగేటప్పుడు ఆ దీపమే ఆధారం. అందుకే నాకు టెన్షన్.

ఇంకో మాట కూడా అడగాలనుంది. మర లేదు, మేకు లేదు, నొక్కి పావు చుట్టు తిప్పితే బల్బు ఎలా నిలబడుతోంది? మా తమ్ముడు బండి బ్రేక్ లైటూ, సీసీ కెమెరా వైరూ కూడా ఇలాగే తిరుగుతాయంటున్నాడు. అన్నీ ఒకటేనా?

మర్రిపాలెం నుంచి:

స్క్రూకే మార్చేయండి మేడమ్. మేము కొత్త ఫ్లాట్‌లో అన్నీ స్క్రూవే పెట్టించుకున్నాం, మూడేళ్లుగా ఒక్క ఇబ్బందీ లేదు. చాలా దేశాల్లో ఇళ్లలో స్క్రూ బల్బే వాడతారు.

మల్కాపురం ఫిట్టర్:

అమ్మా, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఎత్తితే వెలిగిందన్నారు చూడండి, అదే. బల్బు పోయి ఉంటే ఎంత ఎత్తినా వెలగదు. వోల్టేజీదే తప్పయితే వంటింట్లోనూ కొట్టుకోవాలి. మీ హోల్డర్‌లో ఒక స్ప్రింగు చచ్చిపోయింది. బల్బుల మీద ఇంక డబ్బు పెట్టకండి.

నేను ఓడల మరమ్మతు పనిలో ఎలక్ట్రికల్ ఫిట్టర్‌గా 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఈ పిన్ హోల్డర్లు నా చేతిలో వేలల్లో తిరిగాయి. దీన్ని పాతకాలం రకమని తీసిపారేస్తే నాకు మనసొప్పదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు హోల్డర్ లోపల ఏముందో చెబుతాను. బల్బు మూతిని పట్టుకునే గొట్టం అంచున ఎదురెదురుగా రెండు గాడులుంటాయి. ఒక్కో గాడి తిన్నగా లోపలికి దిగి, అక్కడ పక్కకి మళ్లి, చివర మళ్లీ కొంచెం బయటివైపుకి వంగి ఆగిపోతుంది. మీ ఊళ్లో చేపలు పట్టే గాలం ఉంటుంది కదా, అచ్చం ఆ వంపే. గొట్టం అడుగున రెండు చిన్న ప్లంజర్లు, అంటే నొక్కితే లోపలికి పోయి వదిలితే బయటికి వచ్చే కాంటాక్టులు, ఒక్కోదాని వెనక ఒక స్ప్రింగు. బల్బు మూతి వ్యాసం 22 మిల్లీమీటర్లు, అందుకే ఈ రకాన్ని బీ22 అంటారు. మూతికి చెరో పక్కనా ఒక పిన్ను, మీరు చెవి అన్నది దాన్నే.

మీరు బల్బు నొక్కినప్పుడు ఆ సీసపు చుక్కలు ప్లంజర్లని లోపలికి తోస్తాయి. పిన్నులు గాడి అడుక్కి దిగుతాయి. తిప్పితే పక్కదారిలోకి వస్తాయి. చెయ్యి వదలగానే స్ప్రింగులు బల్బుని బయటికి నెడతాయి, పిన్నులు పోయి గాలం కొనలో కూర్చుంటాయి. చేతికి తగిలే ఆ చిన్న కుదుపు అప్పటిదే. తిప్పడంతోనే బిగిసిపోయిందని అందరూ అనుకుంటారు. తిప్పినప్పుడు పిన్ను దారి మారుతుందంతే, దాన్ని అక్కడ కూర్చోబెట్టి ఉంచేది స్ప్రింగు. స్ప్రింగు తీసేసిన హోల్డర్‌లో బల్బు పెట్టి చూపించేవాణ్ని మా కుర్రాళ్లకి. పిన్నులు గాడిలో లొడలొడలాడతాయి, చిటికెన వేలితో తిప్పినా ఊడి చేతిలో పడుతుంది.

అదే స్ప్రింగు బాగుంటే ఊడాలంటే రెండు పనులు వరసగా జరగాలి. ముందు బల్బు లోపలికి నొక్కుకోవాలి, ఆ తర్వాతే వెనక్కి తిరగాలి. ఫ్యాను అదురుకో, లారీ కుదుపుకో ఆ రెండూ వాటంతటవే అదే వరసలో జరగవు. మర బల్బు అలా కాదు. రోజూ అదిరే చోట వెంట్రుకవాసి చొప్పున వెనక్కి తిరుగుతూ కొన్నాళ్లకి వదులవుతుంది. జపాన్‌లో కట్టిన ఓడలొస్తే ఎక్కువగా మర బల్బులుండేవి. ఇంజన్ రూములో బల్బు ఆరిపోయిందని కంప్లయింట్ రాగానే కొత్త బల్బు పట్టుకెళ్లేవాళ్లం కాదు, ముందు ఉన్నదాన్నే చేత్తో బిగించి చూసేవాళ్లం.

ఇప్పుడు మీ వరండా సంగతి. ఆ స్ప్రింగు బల్బుని పట్టుకోవడమే కాదు, కరెంటు అందే చోట ఒత్తిడి కూడా అదే ఇవ్వాలి. పాత ఇల్లన్నారు కాబట్టి ఆ హోల్డర్‌లో ఒకప్పుడు 60, 100 వాట్ల ఫిలమెంటు బల్బులు ఏళ్ల తరబడి వెలిగి ఉంటాయి. ఆ వేడికి స్ప్రింగు బిగువు పోతుంది. పైగా సముద్రపు గాలి. ఉప్పు తేమకి ఇత్తడి మీద పచ్చగా చిలుము పడుతుంది, ప్లంజర్ తన గూట్లో బిగుసుకుపోయి పూర్తిగా బయటికి రాదు. చవక రకాల్లో కరెంటు ఆ స్ప్రింగు గుండానే పోతుంది. అక్కడ కాంటాక్టు వదులైతే స్ప్రింగు వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా మెత్తబడుతుంది. ఒకసారి మొదలైతే ఆగదు.

యాంగిల్ హోల్డర్‌లో ఇంకో చిక్కుంది. పాత గాజు బల్బు తేలిక. ఎల్‌ఈడీ బల్బు మెడలో సర్క్యూటూ, వేడి లాగే లోహమూ ఉంటాయి కాబట్టి బరువెక్కువ. అడ్డంగా పెడితే ముందు భాగం కిందికి వాలుతుంది. కాంటాక్టులు పైనొకటి కిందొకటి వచ్చేలా హోల్డర్ బిగించి ఉంటే, వాలినప్పుడు కింది చుక్క ప్లంజర్‌కి ఇంకా ఒత్తుకుంటుంది, పై చుక్క దూరం జరుగుతుంది. మీరు చేత్తో ఎత్తింది ఆ వాలునే. నల్లబడింది పైచుక్కే అయ్యుంటుంది. గాలికి బల్బు కదిలినప్పుడల్లా అక్కడ నిప్పురవ్వ పుడుతోంది, మీరు విన్న చిటచిట దాని చప్పుడే.

కొత్త బల్బు పది రోజులు బాగుండటానికి కారణం కూడా ఇందులోనే ఉంది. కొత్త బల్బుకి సీసపు చుక్కలు ఉబ్బెత్తుగా ఉంటాయి, నీరసంగా ఉన్న ప్లంజర్‌కి కూడా అందుతాయి. రవ్వలు పడి చుక్క కరిగి గుంట పడ్డాక అందదు.

చేయాల్సింది ఒక్కటే, హోల్డర్ మార్చడం. ఎంసీబీ, అంటే బోర్డులో ఆ లైనుకి కరెంటు ఆపే మీట, దించి, టెస్టర్‌తో చూసి, అప్పుడు విప్పాలి. కొందరు పాత స్ప్రింగుని స్క్రూడ్రైవర్‌తో సాగదీసి పెడతారు, ఎమెరీ పేపర్‌తో గీకుతారు, కొబ్బరినూనె చుక్క వేస్తారు. వద్దమ్మా. వేడికి చచ్చిన స్ప్రింగు సాగదీసినా నెలలోపే మళ్లీ కుంగుతుంది. ఐఎస్‌ఐ గుర్తున్నది కొనండి, ఈ పిన్ రకాన్నే బయోనెట్ అంటారు, ఆ హోల్డర్లకి ఐఎస్ 1258 అని నంబరుంటుంది. వీలైతే యాంగిల్ వద్దు. వరండా కప్పుకి బ్యాటన్ హోల్డర్ వేయించండి, బల్బు నిలువుగా వేలాడుతుంది, ఒకవైపు వాలే గొడవే ఉండదు.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు స్విచ్ ఫేజు వైరు (కరెంటు తెచ్చేది) మీద ఉందా, న్యూట్రల్ (తిరిగి పోయేది) మీద ఉందా చూడమనండి. మర బల్బులో ఫేజు నడిమి కాంటాక్టుకి, న్యూట్రల్ మరకి రావాలని నియమం ఉంది. పిన్ బల్బులో రెండు కాంటాక్టులూ సమానమే, ఎటు ఏది వచ్చినా వెలుగుతుంది. అందుకే వైరింగ్ తప్పున్నా ఏళ్లపాటు బయటపడదు. స్విచ్ న్యూట్రల్‌లో ఉంటే దీపం ఆరినా ప్లంజర్‌లో కరెంటు ఉంటుంది. నిన్న మీరు స్విచ్ ఒక్కటే ఆపి బల్బు విప్పానన్నారు. అది చదివి నాకు భయమేసింది.

బయోనెట్ అంటే తుపాకీ గొట్టం కొసకి బిగించే కత్తి. గొట్టం మీద చిన్న పొడుచుకొచ్చిన దిమ్మ, కత్తి పిడి గొట్టానికి మెలిక తిరిగిన గాడి, తొడిగి తిప్పితే చాలు. బల్బుకి ఆ పేరు అక్కణ్నించి వచ్చింది.

గాజువాక ఆటోనగర్:

బండి బల్బుల గురించి నేను చెబుతానండి, రోజూ నా పనే అది. తమ్ముడు చెప్పింది నిజం, పద్ధతి ఒకటే, మూతి 15 మిల్లీమీటర్లు. కానీ ఇక్కడ పిన్నులు ఇంకో పని కూడా చేస్తాయి. తప్పు బల్బుని లోపలికి రానివ్వవు.

బ్రేక్ బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, 21 వాట్లది బ్రేకుకి, 5 వాట్లది వెనక లైటుకి. తిరగేసి పెడితే రెండూ తారుమారవుతాయి. అందుకే ఆ బల్బుకి రెండు పిన్నులూ ఒక ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. హోల్డర్ గాడులూ అలాగే ఉంటాయి కాబట్టి ఒకే తీరుగా దిగుతుంది. దీన్ని బీఏవై15డీ అంటారు. దిగకపోతే చేత్తో ఒకసారి తిప్పి రెండోవైపు పెట్టి చూడాలి. బలవంతంగా తోసి గాడి వంచేసి తెచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా ఉంటారు. అలాంటి బండికి వెనక లైటు ఎప్పుడూ 21 వాట్లతో మండుతుంది, బ్రేకు నొక్కితే తేడా పెద్దగా తెలియదు. వెనక వచ్చేవాడికి బ్రేకు పడిందని ఎలా తెలుస్తుంది? ప్రాణాలకి సంబంధించిన సంగతి, దయచేసి బలవంతం చేయకండి.

ఇండికేటర్లో పెట్టే పసుపు బల్బుకి పిన్నులు ఎదురెదురుగా కాకుండా 150 డిగ్రీల్లో ఉంటాయి. తెల్లది తెచ్చి అందులో పెట్టలేరు.

ఇంకో తేడా. ఇంట్లో పిన్ బల్బుకి మూతి గుండా కరెంటు పోదు. బండి ఇండికేటర్లో ఒకే చుక్క ఉంటుంది, తిరుగు కరెంటు మూతి గుండా బాడీకి పోతుంది. కాబట్టి మన ఊరి గాలికి హోల్డర్ తుప్పు పడితే లైటు మసకేస్తుంది, పక్కవి కూడా వింతగా వెలుగుతాయి. బీచ్ రోడ్డులో రోజూ తిరిగే బళ్లకి ఇది మామూలు.

ద్వారకానగర్ కెమెరా పని:

సీసీ కెమెరా వైరుది బీఎన్‌సీ. మొదటి అక్షరం బయోనెట్‌కే, మిగతా రెండూ దాన్ని రూపొందించిన నీల్, కాన్సెల్మన్ అనే ఇంజనీర్ల పేర్లు. ఇందులో పిన్నులు కెమెరా వైపు సాకెట్ మీద ఉంటాయి, గాడులు వైరు వైపు ఉంటాయి. బల్బులా మొత్తం తిరగదు, వైరు కదలకుండా పైనున్న చుట్టు మాత్రమే పావు వంతు తిరుగుతుంది. లేకపోతే బిగించినప్పుడల్లా వైరు మెలిపడి లోపలి తీగ తెగిపోయేది. కెమెరాకి 75 ఓమ్‌ల రకం, రేడియో, ల్యాబు పరికరాల్లో ఎక్కువగా 50 ఓమ్‌ల రకం.

మల్కాపురం ఫిట్టర్ గారూ, మీరు చెప్పినదాంట్లో ఒక్కచోట నాకు అభ్యంతరం ఉందండి. అదురుకి బయోనెట్టే మేలన్నారు. ఊడకపోవడం వరకూ నిజమే. కానీ స్ప్రింగు మీద నిలబడినది కాబట్టి ఊడకుండానే లోపల కొంచెం కొంచెం కదులుతుంది. బల్బుకి అది పట్టింపు కాదు, హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌కి పట్టింపే. ఆ కదలిక నాయిస్ అయి కూర్చుంటుంది. అందుకే అదే బీఎన్‌సీని మరతో చేసి టీఎన్‌సీ అని తెచ్చారు. బీఎన్‌సీ 4 గిగాహెర్ట్జ్ వరకూ వాడితే టీఎన్‌సీ 11 దాకా వాడతారు. గట్టిగా బిగించిన మర ఇంచు కూడా కదలదు.

మల్కాపురం ఫిట్టర్:

మీ మాట నిజం బాబూ, ఒప్పుకుంటున్నాను. నేను బల్బుని మనసులో పెట్టుకుని రాశాను. ఓడల్లో గుండ్రటి కేబుల్ కనెక్టర్లలో కూడా రెండు రకాలూ చూశాను. తరచూ విప్పి పెట్టే చోట మూడు పిన్నుల బయోనెట్, చీకట్లో గ్లవ్స్‌తో కూడా బిగించొచ్చు. గట్టి అదురుండే చోట మరది, కానీ వెనక్కి తిరగకుండా లోపల పళ్ల ఏర్పాటున్న మర. ఒట్టి మర బిగిసి ఉన్నంతసేపే మంచిది, వదులవడం మొదలైతే చెప్పి వదులవదు. బయోనెట్ కూర్చుందో లేదో చేతికి తెలిసిపోతుంది.

నొక్కి తిప్పే రకంలో నాకు అన్నిటికన్నా నచ్చేది వేరే ఉంది. మర బల్బు ఎక్కడ ఆగుతుందన్నది మీరు ఎంత బిగించారన్నదాని మీద ఉంటుంది. ఇది ప్రతిసారీ అదే లోతులో, అదే ముఖం అటే పెట్టుకుని ఆగుతుంది. ఓడ దీపాల్లో ఇది చాలా ముఖ్యం. ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు పచ్చ దీపం, ఒక్కోటీ సరిగ్గా 112.5 డిగ్రీల మేరకే కనపడాలి. ముందు నుంచి వచ్చే ఓడ ఆ రంగుల్ని బట్టే మనం ఎటు పోతున్నామో తేల్చుకుంటుంది. బల్బులో ఫిలమెంటు కొంచెం పక్కకి జరిగి కూర్చుంటే ఆ కోణం తప్పుతుంది. అందుకని ఆ దీపాలకి పీ28ఎస్ అని వేరే మూతి ఉన్న బల్బు వస్తుంది. మూతి చుట్టూ రేకు అంచు, దానికి వెడల్పులో తేడా ఉన్న రెండు రెక్కలు. ఒకే తీరుగా దిగుతుంది, తిప్పితే ఫిలమెంటు ఉండాల్సిన చోటే ఉంటుంది. ఆ బల్బు మార్చిన ప్రతిసారీ రెక్కలు పూర్తిగా కూర్చున్నాయా లేదా అని వేలితో రెండుసార్లు తడిమి చూసేవాణ్ని. నాకు పని నేర్పిన మేస్త్రి గారు పెట్టిన అలవాటు అది.

మీ వరండాలోంచి రాత్రి ఓడలు కనపడతాయనుకుంటాను అమ్మా. కదిలే ఓడకి ఒకవైపు దీపం రంగు తెలిస్తే అది ఎటు వెళ్తోందో మీరే చెప్పేయొచ్చు.

పెదజాలారిపేట మేడమీద:

అందరికీ చాలా థాంక్సండి. ఈరోజు పని అయింది, జరిగింది రాస్తున్నాను.

మల్కాపురం ఫిట్టర్ గారు చెప్పినట్టే ఎంసీబీ దించి హోల్డర్ విప్పించాం. కింది ప్లంజర్ బాగుంది, వేలితో నొక్కితే తన్నుకుంటూ బయటికి వచ్చింది. పైది సగం లోపలే ఉండిపోయింది, నొక్కినా లేవలేదు. గూడు చుట్టూ పచ్చటి చిలుము, స్ప్రింగు నల్లగా కమిలిపోయి ఉంది. బేకలైటు కూడా ఆ పక్కన పగిలింది. వరండా కప్పుకి బ్యాటన్ హోల్డర్ వేయించాను. పాత బల్బుల్లో చుక్క బాగా ఉన్నది ఒకటి పెడితే గాలిలోనూ నిలకడగా వెలుగుతోంది.

స్విచ్ సంగతి కూడా అడిగాను. ఎలక్ట్రీషియన్ అక్కర్లేదన్నాడు, అయినా పట్టుబట్టి చూడమన్నాను. ఎంసీబీ ఎక్కించి, వరండా స్విచ్ ఆపి, కొత్త హోల్డర్‌లో టెస్టర్ పెడితే టెస్టర్ వెలిగింది! స్విచ్ న్యూట్రల్ మీదే ఉందండి. మేము ఈ ఇంట్లోకొచ్చి నాలుగేళ్లు, మూడుసార్లు బల్బు మార్చింది నేనే, ఒకసారి అమ్మ కూడా గుడ్డతో తుడిచింది. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. ఆ వైర్లు మార్పించి మళ్లీ చూపించమన్నాను, ఇప్పుడు స్విచ్ ఆపితే టెస్టర్ వెలగడం లేదు. బాత్రూమ్, వెనక గది స్విచ్‌లు కూడా చూడమని రేపు మళ్లీ రమ్మన్నాను. ఇంటి ఓనరు గారికీ ఫోన్ చేసి కింది వాటాలో కూడా చూపించమని చెప్పాను.